బదులు వేరు, తోడు వేరు

ఈ పోస్టు కొంచెం పొడుగు. మిరప కోతలు నెత్తిన పడ్డ టైంలో కూర్చుని ఇంత రాస్తున్నానంటే కడుపు మండి రాస్తున్నా. ఓపిగ్గా చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే చదివాక తిట్టండి, పడతాను.

మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. "షుగర్ మాత్రలు విషం. అంతా కంపెనీల కుట్ర. మాత్రలు ఆపేసి ఈ కషాయం 48 రోజులు తాగండి, షుగర్ మళ్లీ మీ జోలికి రాదు" అని. దాని కింద దణ్ణం బొమ్మలు బోలెడు. పెట్టినాయన చెడ్డవాడేం కాదు. పైగా మహా జాగ్రత్త మనిషి. మిరపలో ఆకు ముడుచుకుంటే రెమ్మ తుంచుకుని వ్యవసాయాధికారి దగ్గరికి పోయి చూపించి, పైముడతా కింది ముడతా తేల్చుకుని, బిల్లు రాయించుకుని మందు కొంటాడు. అదే మనిషి తన ఒంటి దగ్గరికొచ్చేసరికి, ఎవరు రాశారో తెలియని మెసేజ్ చదివి మాత్ర ఆపేశాడు. మిరప చెట్టుకి చేసిన పాటి విచారణ మన ఒంటికి చెయ్యొద్దా?

నేను ఇంటర్ దాకా చదివినోణ్ణి. డాక్టర్ని కాను. కానీ ఈ విషయం మా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటున్నా.

మా ఇంటావిడకి మోకాళ్ల నొప్పులు. నాట్లు, కలుపులు, ముప్పై ఏళ్లు వంగి చేసిన కాళ్లు అవి. ఒక ఊళ్లో ఒకాయన మూలికల పొడి ఇస్తాడని చెబితే తీసుకెళ్లాను. పొట్లం మీద పేరు లేదు, ఊరు లేదు. వాడిన నాలుగో రోజుకే నొప్పి పోయింది. ఆవిడ మళ్లీ చేలోకి పరిగెత్తింది. నేను కనబడ్డ ప్రతివాడికీ చెప్పాను, "అద్భుతమయ్యా, పోయి తెచ్చుకోండి" అని. నా మాట నమ్మి తెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఏడు నెలలు వాడింది. మొహం గుండ్రంగా ఉబ్బింది. "ఒళ్లు చేశావే" అని చుట్టాలు మెచ్చుకున్నారు కూడా. అంతకుముందు లేని షుగర్ వచ్చింది. ఒకసారి పొడి అయిపోయి, ఆయన ఊళ్లో లేక పది రోజులు ఆగింది. అంతే, వాంతులు, లేచి నిలబడితే కళ్లు తిరగడం, బీపీ పడిపోయింది. ఆసుపత్రిలో చేర్చాం.

అక్కడ డాక్టరమ్మ అడిగింది, "ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అని. మా ఆవిడ లేదంది. నేనూ లేదన్నాను. అబద్ధం ఆడాలని కాదు. పొడి మా లెక్కలో మందే కాదు మరి. మర్నాడు ఆవిడే మళ్లీ వచ్చి, "పొడులు, కషాయాలు, లేహ్యాలు ఏమన్నా?" అని విడివిడిగా అడిగితే అప్పుడు చెప్పాం. రక్త పరీక్ష చేయించి చెప్పింది: ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారు, బయట నుంచి వస్తుంటే ఒంట్లో సొంతంగా తయారయ్యే హార్మోన్ ఆగిపోయింది, ఉన్నట్టుండి పొడి మానేసరికి ఒళ్లు కూలబడింది అని. ఆ పొడి దించడానికి డాక్టరే స్టెరాయిడ్ మాత్ర రాసి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చింది.

ఇప్పుడు మీరే చెప్పండి. ఈ మోసం మనకి కొత్తా? "బయో మందు, పూర్తిగా సేంద్రియం" అని సీసా అంటగడతారు. కొట్టిన మర్నాటికే పురుగు రాలిపోతుంది. అంత తొందరగా ఎట్టా చచ్చిందిరా అంటే, లోపల కలిపింది రసాయనమే. కషాయం కొట్టుకుని వాడిన రైతుకి తెలుసు, మర్నాటికి పురుగు రాలే కషాయం ఉండదని. బయో సీసా దగ్గర వచ్చిన అనుమానం మూలికల పొట్లం దగ్గర నాకు ఎందుకు రాలేదు? నాలుగు రోజుల్లో ముప్పై ఏళ్ల నొప్పి మాయమైతే, సంతోషించే ముందు భయపడాల్సింది.

ఇది చదివి "ఓహో, ఈయన నాటు వైద్యానికి వ్యతిరేకి, ఇంగ్లీషు మందుల ఏజెంటు" అనుకోవద్దు. జలుబు చేస్తే మా ఇంట్లో ఇవాళ్టికీ వావిలాకు ఆవిరే. మలబద్ధకానికి ఇసబ్గోలు పొట్టు డాక్టర్లే చెబుతారు. మనం పండించే మిరపలో ఘాటు పదార్థంతో కీళ్ల నొప్పులకి పైపూత మందు తయారవుతుంది. మన పెరట్లో ఎవరూ నాటకుండా మొలిచే బిళ్ళగన్నేరు నుంచే పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి ఇచ్చే మందు వచ్చింది. అట్టాగని ఆ ఆకు నూరి తాగితే జబ్బు పోదు, ఒంటికి విషం. క్వింటాళ్ల కొద్దీ ఆకు నుంచి రవ్వంత మందు తీసి, కొలిచి, డాక్టరు కళ్లముందు నరంలోకి ఎక్కించాలి.

అంతెందుకు, ఆ మెసేజ్‌లో విషం అని తిట్టిన షుగర్ మాత్ర సంగతే చూడండి. మనలో చాలామంది మింగే మెట్‌ఫార్మిన్ పుట్టుక వెనక యూరప్‌లో పాతకాలం నుంచీ నాటు మందుగా వాడిన గెలెగా అనే మొక్క ఉంది. ఆ మొక్క ఎక్కువ తింటే గొర్రెలు చచ్చిపోయేవి. అందులో షుగర్ తగ్గించే గుణం ఏదో వెతికి పట్టుకుని, దానికి దగ్గరి పదార్థాల్లో విషం తక్కువగా ఉన్నదాన్ని తయారుచేసి, మోతాదు తేల్చారు. అంటే నాటు మందుని పరీక్షకి నిలబెట్టి, నెగ్గిన ముక్కని ఉంచుకున్నారు. కుట్ర ఎక్కడుంది ఇందులో?

మన తెలుగాయన కథ ఒకటి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. మద్రాసులో డాక్టరు చదువు చదివిన ఈయనకీ అదే జబ్బు పట్టుకుంది. అప్పుడు ఆయన్ని లేపి నిలబెట్టింది ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యం. ఆ లక్ష్మీపతి గారు కూడా ముందు ఇంగ్లీషు వైద్యం చదివి, తర్వాత ఆయుర్వేదం నేర్చుకున్నవారే. సుబ్బారావు గారు కొన్నాళ్లు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. తర్వాత అమెరికా పోయారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. ఇవాళ మన ఆడపిల్లలు గర్భంతో ఉంటే ఆశా కార్యకర్త ఇచ్చే మాత్రలో ఉండేది అదే. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి కూడా అదే మందైంది. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే మాత్ర ఉంది చూడండి, అదీ ఆయన బృందం పనే.

ఆయుర్వేదంతో బతికిన మనిషి "ఇక ఇంగ్లీషు మందులు దండగ" అని కూర్చోలేదు. ఇంగ్లీషు వైద్యం చదివాను కదా అని ఆయుర్వేదాన్ని ఎగతాళీ చెయ్యలేదు. పనిచేసింది ఏంటి, ఎందుకు పనిచేసింది అని జీవితమంతా తవ్వాడు. మనం మాత్రం రెండు పార్టీలుగా విడిపోయి గ్రూపుల్లో కొట్టుకుంటున్నాం.

అసలు గొడవ మనదా వాళ్లదా అన్నది కానే కాదు. ఒక్క మాట తేల్చుకుంటే చాలు: బదులా, తోడా?

డాక్టరు వైద్యం మానేసి వేరేది వాడితే అది బదులు. డాక్టరు వైద్యం నడుస్తుండగా పక్కన ఇంకోటి వాడితే అది తోడు. ఆ రెండోది డాక్టరుకి తెలిసి, ఇద్దరూ ఒక లెక్క ప్రకారం నడిపిస్తే అది కలిపి చేసే వైద్యం. చదువుకున్నవాళ్లు దీనికి పెద్ద పేర్లు పెట్టారు గానీ, మనకి ఇది తెలియనిది కాదు. సమగ్ర సస్యరక్షణ అని మనకి నేర్పింది ఇదే కదా. చేను చుట్టూ ఎర పంట వేస్తాం, లింగాకర్షక బుట్టలు పెడతాం, పసుపు జిగురు అట్టలు కడతాం, పురుగు గుడ్డు దశలో ఉండగా వేప నూనె లీటరు నీళ్లకి 5 మి.లీ. కలిపి కొడతాం. పురుగు నష్టపరిమితి దాటితే అప్పుడు రసాయనం. పురుగు కాయలోకి దూరాక కూడా వేప నూనె పట్టుకు కూర్చున్నవాణ్ని సేంద్రియ రైతు అనం, చేను పోగొట్టుకున్నవాడు అంటాం. రెండు మందులు ఒకే ట్యాంకులో పోసే ముందు కలుస్తాయా విరుగుతాయా అని కూడా చూసుకుంటాం. ఒంటికీ అదే లెక్క.

మా ఆవిడకి ఇప్పుడు జరుగుతున్నదీ అదే. డాక్టరు చెప్పిన మందు ఉంది, తొడ కండకి బలం వచ్చే కసరత్తు ఉంది, బరువు తగ్గింది, ప్రభుత్వ ఆయుష్ వైద్యుడు రాసిచ్చిన తైలం రాత్రిళ్లు పైన రాసుకుంటుంది. తైలం సంగతి డాక్టరమ్మకి తెలుసు. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ నడుస్తోంది, మొహం మళ్లీ ఆవిడ మొహంలా ఉంది.

ఇప్పుడు 'బదులు' ఏం చేస్తుందో చెప్తా.

మా పక్క చేను కుర్రాడికి వరి కుప్ప దగ్గర పాము కరిచింది. రక్తపింజర. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది పోయి, పసరు పోసే ఆయన దగ్గరికి బండెక్కించారు. నాలుగు గంటలు గడిచాక, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే అప్పుడు పెద్దాసుపత్రికి పరుగెత్తారు. విషానికి విరుగుడు ఎక్కించారు గానీ అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. డయాలసిస్సులు పడ్డాయి. దేవుడి దయవల్ల బతికాడు. అర ఎకరం పోయింది. పసరు పోసినాయన ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. మంచి మనిషే. కానీ మంచితనం విషాన్ని విరవదు.

"మరి పసరుతో బతికినవాళ్లు లేరా?" అంటారు. ఉన్నారు. కరిచే పాముల్లో చాలావాటికి విషమే ఉండదు. విషపు పాము కూడా ఒక్కోసారి విషం దించకుండానే కరుస్తుంది. ఆ కాట్లు పసరు పోసినా మానతాయి, పొయ్యకపోయినా మానతాయి. పేరు మాత్రం పసరుకి వస్తుంది. నిజంగా విషం దిగినవాడి దగ్గరే మందు బలం తెలిసేది.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుకి పోయినవాళ్లు 12 లక్షల మంది అని పరిశోధకులు లెక్క తీశారు. ఏడాదికి సగటున 58 వేలు. సగానికి పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపే, అంటే మనం చేలో ఉండే రోజుల్లోనే. ఎక్కువ చావులున్న రాష్ట్రాల జాబితాలో మన తెలుగు నేల ఉంది. ఈ చావులు సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో ఒక కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, గడువు 2030. ప్రణాళిక ఎంత బాగున్నా, మనం బండిని ముందు పసరు దగ్గరికి తిప్పితే ఏం లాభం?

ఇంకో సంగతి. పాముల గురించి తరతరాల జ్ఞానం ఉన్నవాళ్లు తమిళనాడు ఇరుల గిరిజనులు. వాళ్లు 1978లో సహకార సంఘం పెట్టుకుని, పాముల్ని పట్టి, విషం పిండి, విరుగుడు మందు తయారీకి అమ్ముతున్నారు. ఆ విషం గుర్రాలకి కొంచెం కొంచెంగా ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు తీస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటికీ ఒకటే సీసా. గిరిజనుల జ్ఞానం, ప్రయోగశాల చదువు కలిస్తే ఇట్టా ప్రాణాలు నిలుస్తాయి. ప్రభుత్వాసుపత్రిలో ఆ మందు ఉచితం. కాటు పడితే కోయొద్దు, పీల్చొద్దు, బిగించి తాడు కట్టొద్దు. ఉంగరాలు, కడియాలు తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. కట్లపాము కాటుకి నొప్పి, వాపు పెద్దగా ఉండవు. రాత్రి నేల మీద పడుకున్నవాడు తెల్లారేసరికి కడుపునొప్పి అంటూ, కనురెప్పలు వాలిపోతుంటే అనుమానించండి.

పచ్చకామెర్లదీ ఇదే కథ. ఆకు పసరు తాగితే తగ్గాయంటారు. నీళ్ల కాలుష్యంతో వచ్చే కామెర్లు ఎక్కువమందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. కానీ కామెర్లు ఒక జబ్బు కాదు, ఒక గుర్తు. ఆకు పసుపెక్కితే నత్రజని లోపమా, వేరుకుళ్లా, నీళ్లు నిలవడమా అని చూడమూ? అట్టాగే కళ్లు పచ్చబడితే వెనక హెపటైటిస్ బి ఉండొచ్చు, పిత్తాశయంలో రాయి ఉండొచ్చు, క్యాన్సర్ గడ్డ ఉండొచ్చు. మన వరి మడుల్లో ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో దిగితే, కాలి పుండ్ల ద్వారా వచ్చే ఎలుక జ్వరం ఉండొచ్చు. ఎలుక జ్వరం మామూలు యాంటీబయాటిక్‌తో పోతుంది, ముందుగా పట్టుకుంటే. ఆలస్యమైతే మూత్రపిండాలు పోతాయి. ఇక గర్భిణికి కామెర్లొస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. పసరు తాగుతూ వారం గడిపితే ఆ వారం ఎవరు తిరిగిస్తారు?

"మూలికలేగా, హాని ఏముంటుంది" అనే మాట కూడా మానండి. గన్నేరు మూలికే. ఉమ్మెత్త మూలికే. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది. షుగర్ మాత్ర మింగుతూ పైనుంచి కాకర, మెంతుల పొడులు గట్టిగా పట్టిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. కరోనా కాలంలో తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసుల్ని ముంబై డాక్టర్లు 2021లో బయటపెట్టారు. ఆయుష్ శాఖ ఆ మాట ఒప్పుకోలేదు. ఆ వాదన ఎటు తేలినా, లివర్ జబ్బు ఉన్నవాడు అడగకుండా తాగకూడదన్నది మాత్రం ఖాయం.

ఇక డాక్టర్లకీ ఒక మాట. ఇది చదివే డాక్టరు ఎవరైనా ఉంటే వినండి. మా వాళ్లు పొడులాయన దగ్గరికి ఎందుకు పోతున్నారో తెలుసా? ఆయన చాప వేసి కూర్చోబెడతాడు. ఎప్పట్నుంచి నొప్పి, ఏం తింటున్నావు, కొడుకు ఏం చేస్తున్నాడు అని అడుగుతాడు. మీ దగ్గర పొద్దుట్నుంచి లైనులో నిలబడితే రెండు నిమిషాలు. తలెత్తకుండా చీటీ. ప్రైవేటుకి పోతే అవసరం ఉన్నవీ లేనివీ పరీక్షలు. "నాటు మందులు వాడి ఇప్పుడొచ్చారా" అని పదిమందిలో తిడితే, రేపట్నుంచి వాడటం మానరు, చెప్పడం మానేస్తారు. మా డాక్టరమ్మ తిట్టకుండా రెండోసారి అడిగింది కాబట్టే మా ఆవిడ బతికి బయటపడింది. ఇంగ్లీషు మందు పేరుతో ఊళ్లలో అడ్డమైన ఇంజెక్షన్లు పొడిచేవాళ్ల సంగతీ మాకు తెలుసు. మోసం ఒక వైద్యం సొత్తు కాదు. ఐదున్నరేళ్లు చదివి, పట్టా పుచ్చుకున్న ఆయుర్వేద డాక్టర్లకి ఈ పొట్లాల మోసగాళ్ల వల్ల జరిగే అన్యాయం ఇంకా ఎక్కువ.

చివరగా, మా ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకున్నవి చెప్తా. నచ్చితే మీరూ పాటించండి.

1. "ఆ మందులు ఆపేసి ఇది వాడు" అన్నవాడి గడప తొక్కొద్దు. షుగర్, క్యాన్సర్, పక్షవాతం లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరమని 1954 నుంచి చట్టం ఉంది.

2. లేబుల్ లేని విత్తనం కొనం. లేబుల్ లేని మందూ కొనొద్దు. ఆయుర్వేద మందుకైనా సరే లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, లోపల ఏముందో రాసి ఉండాలి. బిల్లు అడగండి.

3. పాము కాటు, గుండె నొప్పి, మూతి వంకర పోవడం, ఫిట్స్, కుక్క కాటు, గర్భిణికి ఏ తేడా వచ్చినా ముందు ఆసుపత్రి. వీటికి పసరు, మంత్రం, తాయెత్తు ఏదీ బదులు కాదు.

4. ఎముక విరిగితే ముందు ఎక్స్‌రే. పుత్తూరు కట్టు అయినా, పిండి కట్టు అయినా, కట్టాక వేళ్లు నల్లబడుతున్నా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పించాలి.

5. షుగర్‌కి ఏ కషాయం తాగినా మాత్ర డాక్టరు చెప్పకుండా ఆపొద్దు. మూడు నెలల సగటు పరీక్ష ముందూ తర్వాతా చేయించి, తగ్గిందో లేదో కాగితం మీద చూడండి. తగ్గితే మాత్ర తగ్గించేది డాక్టరే.

6. నాలాగా ఎవరైనా పేరులేని పొడి నెలల తరబడి వాడుతుంటే, ఇది చదివి రేపే విసిరిపారెయ్యొద్దు. ఉన్నట్టుండి ఆపితే ఏమవుతుందో పైన రాశాను. పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

7. ఇంట్లో ఒక గుడ్డ సంచి పెట్టుకోండి. మాత్రలు, పొడులు, కషాయాలు, హోమియో గుళికలు, తైలాలు అన్నీ అందులోనే. ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా ఆ సంచి బల్ల మీద పెట్టండి. సిగ్గుపడొద్దు.

మా ఆవిడ సంచి యూరియా బస్తా కోసి కుట్టింది. మొదటిసారి డాక్టరమ్మ బల్ల మీద పెట్టినప్పుడు నవ్వింది. తర్వాత ఒక్కొక్కటీ తీసి చదివి, రెండు పక్కన పెట్టింది. ఆ రెండూ ఇంగ్లీషు మాత్రలే. ఒకటే మందు వేరువేరు పేర్లతో రెండుచోట్ల రాశారట.

ఇంతకీ ఆ మెసేజ్ పెట్టినాయన ఇంటికి నిన్న సాయంత్రం వెళ్లాను. ఇవన్నీ చెప్పాను. ఒప్పుకోలేదు. "పదిహేను రోజులే కదా అయ్యింది బావా, చూద్దాం" అన్నాడు. రేపు పొద్దున్నే షుగర్ పరీక్షకి మాత్రం నా బండి మీద వస్తానన్నాడు. అంతవరకు చాలు. మీ ఊళ్లోనూ అలాంటి బావ ఒకడుంటాడు. ఈ పోస్టు పంపి ఊరుకోకుండా, వెళ్లి బండెక్కించుకోండి.